లెక్కలకు కాపలా: షూహార్ట్ పటం నుండి క్లౌడ్ వేదిక దాకా

తెలివిగల వర్తకుడు ప్రొద్దున్నే దుకాణం తెరవగానే సరుకు తూచడు. ముందు ఖాళీ త్రాసును పైకెత్తి పాసంగం చూస్తాడు. తట్టలు రెండూ సమంగా నిలువకపోతే తేలిక తట్ట వైపు చిన్న రాయి కట్టి సరిచేస్తాడు. త్రాసులో పాసంగం ఉండిపోతే ఆ దినం తూచిన ప్రతి తూకమూ తప్పే అవుతుంది. విచిత్రమేమంటే, ఆ తప్పు ఏ ఒక్క తూకంలోనూ కంటికి కనబడదు.

నేటి ప్రపంచం సరుకుల మీద ఎంత ఆధారపడి ఉన్నదో సంఖ్యల మీద కూడా అంత ఆధారపడి ఉన్నది. వానలెక్కలు, పంటలెక్కలు, ఆసుపత్రి లెక్కలు, బ్యాంకు లెక్కలు, ఇట్లా సేకరించి భద్రపరచిన సమాచారాన్ని శాస్త్రజ్ఞులు దత్తాంశాలు అంటారు. వాడుకలో డేటా అంటున్నాము. రోజుకు కోట్లకొలది వరుసలుగా వచ్చిపడే ఈ దత్తాంశాలకు పాసంగం చూచేది ఎవరు? ఎట్లా చూడాలి? ఈ ప్రశ్నకు నూరేండ్ల చరిత్ర ఉన్నది. దత్తాంశాల నాణ్యతను రేయింబవళ్ళు కనిపెట్టి ఉండే క్లౌడ్ వేదికలు ఆ చరిత్రలో ఇటీవలి అధ్యాయం. వాటిని అర్థం చేసికోవాలంటే మొదటి అధ్యాయం నుండి రావలసి ఉంటుంది. అంతకంటె ముందు, ఈ కాపలా లేకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూద్దాం.

జారిపోయిన వరుసలు

2020వ సంవత్సరంలో ఇంగ్లండులో కోవిడ్ వ్యాధి ప్రబలి ఉన్నప్పుడు ప్రయోగశాలలు పరీక్షా ఫలితాలను ఏరోజు కారోజు పంపేవి. ఆనాటి పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ వాటిని ఎక్సెల్ పట్టికలలోకి ఎక్కించి, వ్యాధి సోకినవారిని కలిసిన వ్యక్తులను వెదికే శాఖకు అందించేది. ఐతే ఆ పట్టికలు పాత నమూనావి. ఆ నమూనాలో ఒక పట్టికకు 65,536 వరుసలకు మించి పట్టవు. ఒక్కొక్క రోగి ఫలితానికి అనేక వరుసలు కావలసి ఉండడంచేత దాదాపు 1,400 మంది వివరాలతోనే పట్టిక నిండిపోయేది. నిండిన తరువాత వచ్చిన వరుసలు చప్పుడు లేకుండా జారిపోయినవి. ఏ గంటా మ్రోగలేదు.

సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు ఇట్లా 15,841 మంది రోగుల వివరాలు రోజువారీ లెక్కలలో చేరలేదు. రోగులకు తమ ఫలితాలు అందినవి. కాని వారితో కలిసి తిరిగినవారిని వెదికి హెచ్చరించే పని ఆలస్యమైనది. అంటువ్యాధి విషయంలో ఒక్క దినం ఆలస్యమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడ పరీక్ష చేసిన యంత్రం చెడిపోలేదు. ఫలితం తప్పు కాదు. పంపినవారు సరిగానే పంపారు. ‘బయలుదేరినవి ఎన్ని, చేరినవి ఎన్ని?’ అన్న చిన్న ప్రశ్న మాత్రం వారం రోజులు ఆలస్యంగా వచ్చినది. ఆ ప్రశ్నను ప్రతిదినమూ మరువకుండా అడగడమే దత్తాంశ పర్యవేక్షణ.

ఒక్క పుట జాబు

ఈ విద్యకు పునాది కంప్యూటర్లు పుట్టక ముందే, టెలిఫోను కర్మాగారంలో పడినది. అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ టెలిఫోను పరికరాలు తయారుచేసేది. ఆ రోజులలో నాణ్యత అంటే తయారైన వస్తువులను చివరన పరీక్షించి, చెడ్డవాటిని ఏరి పారవేయడమే. వాల్టర్ షూహార్ట్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు 1924 మే 16న తన పై అధికారికి ఇంచుమించు ఒక్క పుట జాబు వ్రాశాడు. అందులో ఒక చిన్న పటం గీశాడు. నాణ్యతా నియంత్రణ పటం అని దానికి తరువాత పేరు వచ్చినది. ఈ భావాలన్నిటినీ విస్తరించి ఆయన 1931లో ఒక గ్రంథం ప్రకటించాడు.

షూహార్ట్ చెప్పినది ఇది: ప్రకృతిలోగాని కర్మాగారంలోగాని ఏ రెండు కొలతలూ అచ్చంగా ఒకటిగా ఉండవు. హెచ్చుతగ్గులు రెండు రకాలు. మొదటి రకం సహజమైనవి. వాటికి అనేక చిన్న చిన్న కారణాలు కలిసి ఉంటవి, ఒక్కొక్కదానిని వెదకుతూ పోతే కాలం వ్యర్థం. రెండవ రకానికి ప్రత్యేకమైన కారణం ఉంటుంది. దానిని వెదికి పట్టుకోవాలి. ఈ రెంటినీ వేరుచేయడానికి ఆయన సగటుకు పైన, క్రింద రెండు హద్దుగీతలు గీయమన్నాడు. హద్దులు సగటు నుండి ప్రామాణిక విచలనానికి మూడు రెట్ల దూరంలో ఉండాలి. బిందువు హద్దుల లోపల ఉంటే ఊరకుండాలి. హద్దు దాటితే కారణం అడగాలి.

దీనిని ఏ పాఠశాలలోనైనా చేసి చూడవచ్చు. ఒక తరగతిలో 50 మంది విద్యార్థులు ఉన్నారనుకొందాం. సగటున రోజుకు 5 మంది రావడం లేదు. అంటే రాని పాలు 0.1, వచ్చే పాలు 0.9. 50, 0.1, 0.9 ఈ మూడింటి లబ్ధం 4.5, దాని వర్గమూలం సుమారు 2.12. దీనికి మూడు రెట్లు 6.4. సగటు 5కు దానిని కలిపితే పై హద్దు 11.4. ఒకనాడు 8 మంది రాకపోతే అది సహజమే. 12 మంది రాకపోతే మాత్రం ఉపాధ్యాయుడు విచారించాలి: ఊరిలో జాతర కావచ్చు, జ్వరాలు కావచ్చు, బస్సు రాకపోయి ఉండవచ్చు.

ఇంకొక సంగతి కూడా గమనించండి. వరుసగా పదిరోజులు సరిగ్గా ఐదుగురే రాలేదని పట్టీలో ఉంటే? ఒక్క బిందువు కూడా హద్దు దాటలేదు. ఐనా అనుమానించవలసిందే. హెచ్చుతగ్గులు లేకపోవడం కూడా ఒక సంకేతం. బహుశా ఆ పదిరోజులు హాజరు వేయకుండానే నిన్నటి అంకెను నేడు ఎక్కించి ఉంటారు.

రెండు జట్ల సాక్ష్యం

కర్మాగారంలో కొలిచేది మరను. కాని దేశం లెక్కలు సేకరించేవారు మనుషులు. వారి పొరపాట్లను పట్టేది ఎట్లా? ఈ ప్రశ్నకు గట్టి సమాధానం మన దేశంలోనే లభించినది.

ప్రశాంతచంద్ర మహాలనోబిస్ 1931లో కలకత్తాలో భారత గణాంకశాస్త్ర సంస్థను స్థాపించారు. 1930ల చివరిభాగంలో ఆయన బెంగాలు రాష్ట్రంలో జనపనార పంట విస్తీర్ణాన్ని అంచనా వేసే పని చేపట్టారు. ప్రతి పొలానికీ పోవడం సాధ్యం కాదు. కొన్ని పొలాలను మాత్రం యాదృచ్ఛికంగా ఎన్నుకొని చూడాలి. ఐతే పొలానికి పోయిన ఉద్యోగి సరిగా చూచి వ్రాశాడో, చెట్టు నీడన కూర్చుండి వ్రాశాడో తెలిసేదెట్లా?

మహాలనోబిస్ ఉపాయం సులువైనది. ఎన్నుకొన్న స్థలాలను రెండు భాగాలుగా చేసి, రెండూ ఒకే ప్రాంతమంతటా ఒకదానిలో ఒకటి అల్లుకొనిపోయేటట్లు పరిచారు. ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క జట్టుకు అప్పగించారు. ఒకరి లెక్క మరొకరికి తెలియదు. ప్రాంతం ఒకటే కాబట్టి రెండు జట్ల అంచనాలు దగ్గరగా రావాలి. రాకపోతే ఆ తేడాకు భూమి కారణం కాదు, మనుషుల పనితీరు కారణం. న్యాయస్థానంలో సాక్షులను విడివిడిగా విచారించడం వంటిదే ఇది. 1950లో ప్రారంభమైన జాతీయ నమూనా సర్వేలో కూడా ఈ పద్ధతి వాడుకలోకి వచ్చినది. షూహార్ట్ స్వయంగా 1947లో ఈ సంస్థ ఆహ్వానం మీద భారతదేశానికి వచ్చి తన పద్ధతులను ఇక్కడివారికి వివరించాడు.

తెలుగువారికి సుపరిచితులైన కల్యంపూడి రాధాకృష్ణ రావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 1941లో ఈ సంస్థలో చేరారు. 2023లో పరమపదించేవరకు గణాంకశాస్త్రానికి సేవచేసిన ఆయన, దత్తాంశాలు చేతికి రాగానే సూత్రాలలో పెట్టి గణించవద్దని, ముందుగా వాటిని సాక్షిని చేసినట్లు క్రాస్ పరీక్ష చేయాలని బోధించారు. నేటి పర్యవేక్షణ వేదికలు యంత్రం చేత చేయించేది ఆ క్రాస్ పరీక్షనే.

గుర్తుపెట్టి ప్రక్కన ఉంచిన నిజం

ఐతే క్రాస్ పరీక్షలో ఒక ప్రమాదం ఉన్నది. నమ్మశక్యం కాని సాక్ష్యమల్లా అబద్ధం కాదు. ఓజోను పొర కథ దీనికి నిదర్శనం.

అంటార్కిటికాలోని హాలీ బే స్థావరంలో బ్రిటిషు శాస్త్రజ్ఞులు 1950ల చివరినుండి ఆకాశంలోని ఓజోనును డాబ్సన్ పరికరంతో కొలుస్తూ వచ్చారు. అక్టోబరు నెల సగటు మొదట్లో దాదాపు 300 డాబ్సన్ యూనిట్లు ఉండేది. 1984 నాటికి అది 200 దరిదాపులకు పడిపోయినది. జోసెఫ్ ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ ఈ సంగతిని 1985 మే 16న నేచర్ పత్రికలో ప్రకటించారు.

అప్పటికే 1978లో అమెరికా పంపిన నింబస్-7 ఉపగ్రహం అదే ఆకాశాన్ని పైనుండి కొలుస్తున్నది. మరి దానికి ఎందుకు కనిపించలేదు? కంప్యూటరు ఆ తక్కువ సంఖ్యలను పారవేసినదని ఒక కథ వ్యాప్తిలో ఉన్నది. నిజం కొంచెం వేరు. 180 కంటె తక్కువ వచ్చిన విలువలకు ‘అనుమానాస్పదం’ అని గుర్తు పెట్టే ఏర్పాటు ఉన్నది. సంఖ్యలు పోలేదు, గుర్తుతో సహా భద్రంగానే ఉన్నవి. 1984లో ఆ గుర్తులు దక్షిణధ్రువం చుట్టూ గుంపుగా పెరగడం నాసా శాస్త్రజ్ఞులు గమనించారు. సరిపోల్చడానికి దక్షిణధ్రువ స్థావరపు కొలతలు తీస్తే అక్కడ 300 కనబడినది. దానితో ఉపగ్రహాన్నే శంకించవలసి వచ్చినది. కడకు తప్పు ఆ స్థావరపు లెక్కలోనే ఉన్నదని తేలినది. ఈ తర్జనభర్జనలు సాగుతుండగానే బ్రిటిషువారి వ్యాసం వెలువడినది. ఉపగ్రహ దత్తాంశాలను మళ్ళీ పరిశీలించగా రంధ్రం విస్తీర్ణం ఎంతటిదో లోకానికి తెలిసినది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరినది.

ఇందులో రెండు పాఠాలు ఉన్నవి. అనుమానం వచ్చిన సంఖ్యను చెరిపివేయరాదు, గుర్తుపెట్టి ఉంచాలి. అట్లా ఉంచబట్టే ఉపగ్రహం చూచినది తరువాత అక్కరకు వచ్చినది. రెండవది: గుర్తు పెట్టినంత మాత్రాన పని తీరదు, ఆ గుర్తుకు ఎవరో ఒకరు సకాలంలో సమాధానం చెప్పాలి.

మబ్బులో కావలివాడు

కంప్యూటర్లు విస్తరించిన తరువాత దత్తాంశాల పరిమాణం మనిషి కంటికి అందకుండా పోయినది. ఒక పట్టీని చూచే గుమాస్తా ఒక కోటి వరుసలను చూడలేడు. అదే సమయంలో ‘క్లౌడ్’ పద్ధతి వచ్చినది. క్లౌడ్ అంటే మబ్బు. పేరుకు మబ్బేగాని ఉండేది భూమిమీదనే. పెద్ద భవనాలలో వేలకొలది కంప్యూటర్లను నడుపుతూ, కావలసినవారికి కావలసినంతసేపు అద్దెకిచ్చే ఏర్పాటు ఇది. అమెజాన్ సంస్థ 2006లో మొదట నిలువ స్థలాన్ని, తరువాత కంప్యూటరు శక్తిని ఇట్లా అద్దెకివ్వడం ప్రారంభించినది. 2022 నవంబరులో ఆ సంస్థ హైదరాబాదు ప్రాంతంలో కూడా ఇటువంటి కేంద్రాలను ప్రారంభించినది.

2018లో సెబాస్టియన్ షెల్టర్, ఆయన సహచరులు అమెజాన్‌లో తయారుచేసిన ‘డీక్యూ’ అనే ఉపకరణాన్ని గురించి ఒక వ్యాసం ప్రకటించారు. దత్తాంశాల మీద నియమాలను చిన్న వాక్యాలుగా వ్రాసి ఇస్తే, అది వాటిని అనేక కంప్యూటర్ల మీద ఒక్కసారిగా పరీక్షిస్తుంది. ‘రోగి సంఖ్య ఖాళీగా ఉండరాదు’, ‘ఒక సంఖ్య రెండుసార్లు రారాదు’, ‘వయస్సు 0కు తక్కువ కారాదు’ అన్న విధంగా ఆ నియమాలు ఉంటవి.

ఇందులో ఒక చక్కని యుక్తి ఉన్నది. ప్రతిదినమూ పాత వరుసలన్నిటినీ మళ్ళీ చదవనక్కరలేదు. నిన్నటివరకు ఉన్న మొత్తం, వరుసల సంఖ్య గుర్తుంచుకొంటే చాలు. నేటి మొత్తాన్ని, నేటి సంఖ్యను వాటికి కలిపి భాగిస్తే కొత్త సగటు వస్తుంది. ఇట్లా రోజురోజుకూ నిలువచేసిన సారాంశాలతో నేటి సారాంశాన్ని పోల్చి, అసాధారణమైతే గంట కొడుతుంది. చూచారా! మబ్బులోకి ఎక్కినా పద్ధతి షూహార్ట్ పటమే.

వేదికను నెలకొల్పే విధానం

ఒక జిల్లా ఆసుపత్రుల లెక్కలకు ఇటువంటి వేదికను ఏర్పాటు చేస్తున్నారని ఊహించండి. మొదటి పని కంప్యూటరుది కాదు. ఏ పట్టిక ఎక్కడినుండి వస్తున్నది, దానికి బాధ్యులెవరు అని జాబితా వ్రాయాలి. బాధ్యులు లేని పట్టికకు గంట మ్రోగించినా వినేవారు ఉండరు.

రెండవది, వేదికకు చదివే అనుమతి మాత్రమే ఇవ్వాలి. మార్చే అనుమతి ఇవ్వరాదు. కావలివాడికి గాదె తాళం ఇచ్చి ధాన్యం కూడా అప్పగించము గదా! రోగుల పేర్లు, చిరునామాలు గోప్యంగా ఉంచి, సాధ్యమైనంతవరకు సారాంశాలను మాత్రమే వేదికలో నిలువచేయాలి.

మూడవది, దత్తాంశాల స్వభావం తెలిసికోవాలి. ఎన్ని ఖాళీలు ఉన్నవి, కనిష్ఠమెంత, గరిష్ఠమెంత, ఆదివారాలు ఎట్లా ఉంటవి, పండుగనాడు ఎట్లా ఉంటవి అన్నది చూడాలి. ఆ తరువాతనే నియమాలు వ్రాయాలి. వాటిని కంప్యూటరు నిపుణుడు ఒక్కడే వ్రాస్తే చాలదు. జ్వరాల కాలం ఎప్పుడో ఆసుపత్రివారికే తెలుసు.

నాల్గవది, మొదటి కొన్ని వారాలు గంట మ్రోగించకుండా మౌనంగా నడిపి చూడాలి. హద్దులు మరీ బిగుతుగా ఉంటే రోజుకు నూరుసార్లు గంట మ్రోగుతుంది. ‘నాన్నా, పులి!’ అని ఊరక అరచిన పిల్లవాని కథ మనకు తెలిసినదే. నిజంగా పులి వచ్చిననాడు ఎవరూ కదలరు. మరీ వదులుగా ఉంటే పులి వచ్చినా గంట మ్రోగదు.

ఐదవది, ఏ తప్పుకు పని ఆపాలి, ఏ తప్పుకు కబురు చేస్తే చాలు అన్నది ముందే నిర్ణయించుకోవాలి. పంపిన వరుసలకు చేరిన వరుసలు సరిపోకపోతే ఆపాలి. ఇంగ్లండులో 2020లో ఈ ఒక్క నియమం ఆపగలిగి ఉండేది. రోగుల సంఖ్య అకస్మాత్తుగా రెట్టింపైతే ఆపరాదు, చెరపరాదు. వెంటనే మనిషికి చెప్పాలి. అది తప్పు కావచ్చు. కొత్త వ్యాధి మొదటి జాడ కూడా కావచ్చు.

కడపటిది, గంట మ్రోగిన ప్రతిసారి ఎవరు చూచారు, ఏమి తేలినది అని ఒక పట్టీ ఉంచాలి. ఆ పట్టీ లేకపోతే అదే తప్పును మళ్ళీ మళ్ళీ మొదటినుండి వెదకవలసి వస్తుంది.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని తరగతిలోనే ఆరంభించవచ్చు. ఇరవై దినాల హాజరు లెక్క తీసి విద్యార్థుల చేత పటం గీయించండి. హద్దు దాటిన దినం ఏమి జరిగినదో వారినే వెదకమనండి. తోటలో ఉష్ణమాపకాన్ని రెండు జట్లు విడివిడిగా చదివి, తరువాత సరిపోల్చవచ్చు. తేడా వచ్చినచోట నేరమెవరిదని కాక, కారణమేమిటని అడగడం నేర్పాలి.

షూహార్ట్ కాగితం మీద గీసిన గీతకు, కలకత్తా నుండి పొలాలకు పోయిన రెండు జట్లకు, నేటి క్లౌడ్ వేదికకు పని ఒక్కటే. అవి ప్రశ్న అడగగలవు. ఎన్ని వేల యంత్రాలను అద్దెకు తెచ్చినా జవాబు వెదకవలసినవాడు మనిషే. త్రాసు ఒక వైపుకు మొగ్గినదని కన్ను చెప్పగలదు. దిగి రాయి కట్టవలసినది చెయ్యి.